గాలం ఏరుకుంటుంది, అలివి వల ఊడ్చేస్తుంది

నంద్యాల జిల్లా ఆత్మకూరుకు ఒక పక్క నల్లమల, ఇంకో పక్క కృష్ణమ్మ. కొత్తపల్లి మీదుగా సంగమేశ్వరం దారి పడితే కాసేపటికే శ్రీశైలం జలాశయం వెనుక జలాలు కంటబడతాయి. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాసి అనే ఏడు నదులు కలిసే చోటని పేరున్న ఆ ఒడ్డున సంగమేశ్వరుడి గుడి ఏడాదిలో చాలా నెలలు నీటి అడుగునే ఉంటుంది. ఎండలు ముదిరి నీరు తగ్గితేనే శిఖరం బయటపడుతుంది. భక్తులు ఆ శిఖరం కోసం ఎదురుచూస్తుంటే, గాలం కర్ర పట్టినవాళ్ల లెక్క వేరుగా ఉంటుంది. నీరు ఎన్ని అడుగులు దిగింది, రంగు ఎట్లా మారింది, చేప ఏ లోతుకు జరిగింది, ఈ వారం దానికి ఏ ఎర చూపించాలి?

ఈ లెక్క తెలిసినవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు తెలిసింది ఏ కళాశాలా నేర్పదు. ప్రభుత్వ కాగితాల్లో వాళ్లకు పేరూ లేదు. జలాశయంలో చేప గురించి మాట ఎత్తితే అధికారుల నోట వచ్చేది వలలు, పడవలు, పిల్లల విడుదల, టన్నుల దిగుబడి. గాలం అన్నది పొద్దుపోని పని కింద పోతోంది. ఇది పెద్ద పొరపాటు. ఏ చేపను పట్టాలి, ఎంత చేపను పట్టాలి, ఏ చేపను వదలాలి అని ముందే తేల్చుకోగలిగే పనిముట్టు వేటగాడి చేతిలో ఒక్కటే ఉంది. అది గాలం. ఆ తేల్చుకోవడమంతా ఎర దగ్గర జరుగుతుంది.

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వరద బాగా వస్తే అక్కడిదాకా నిండుతుంది. పోతిరెడ్డిపాడు నుంచి కాలువలకు, ఇటు అటు విద్యుత్కేంద్రాలకు నీళ్లు వదిలాక, ఎండాకాలానికి యాభై అడుగుల దాకా పడిపోయే సంవత్సరాలు ఉన్నాయి. యాభై అడుగులంటే మాటలు కాదు. వర్షాకాలంలో ముళ్లకంపల మధ్య నీళ్లు నిలిచిన చోట వేసవికి జొన్న చొప్ప ఆరబెట్టుకోవచ్చు. ఒడ్డే మైళ్ల కొద్దీ జరిగిపోయే ఇట్లాంటి నీటిలో ఒకే ఎరను ఏడాది పొడుగునా వేసేవాడు ఉత్త చేతులతో ఇంటికి వెళ్తాడు.

వరద కాలం సంగతి చూడండి. తుంగభద్ర ఎర్రమట్టిని మోసుకొస్తుంది. చెయ్యి ముంచితే మణికట్టు కనబడనంత మడ్డి నీరు. అందులో కంటితో వేటాడే చేపకు దారి తెలియదు. ముక్కుతో, మీసంతో వెతుక్కునే చేపకు మాత్రం అది పండగ. జెల్లలు, వాలుగలు అట్లాంటివి. వాటికి మీసాలే నాలుకలు; రుచిని, వాసనను నీటిలోనే పసిగట్టగలవు. అందుకే ఆ రోజుల్లో వానపాము, రొయ్య, కోడిపేగులు లాంటి వాసన గట్టిగా ఉన్న ఎర వేసి, సీసం గుండు కట్టి అడుగుకు దింపుతారు. వాలుగ రాత్రిపూట తిరిగే చేప. దాని నోరు కళ్ల వెనక దాకా చీలినట్టు ఉంటుంది. దొరికితే పెద్దదే దొరుకుతుంది. అయితే ఒకప్పుడు నదులన్నిటా కనిపించిన ఈ చేప ఇప్పుడు తగ్గిపోతోందని, ముప్పులో ఉన్న జాతుల్లో దాన్ని చేర్చారని గాలం వేసేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలి.

కార్తీకం వచ్చేసరికి మట్టి అడుగున పేరుకుని నీరు తేటపడుతుంది. అప్పుడు పిండి ఎరల కాలం. గోధుమపిండి, మైదా, తవుడు, వేరుశనగ చెక్క, కొంచెం బెల్లం. ఎవరి పాళ్లు వాళ్లవి, ఎవరూ పూర్తిగా చెప్పరు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మూడూ ఒకే కుటుంబపు చేపలే అయినా మూడింటి తిండి మూడు అంతస్తుల్లో ఉంటుంది. చేప మూతి చూస్తే ఎర ఎక్కడ వేలాడాలో తెలిసిపోతుంది. బొచ్చెకు కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి మూతి పైకి తిరిగి ఉంటుంది. అది పైనీటిలో తేలే సూక్ష్మజీవులను వడపోసుకుని తింటుంది. దానికి ఎర బెండుకు కాస్త కిందనే వేలాడాలి. ఎర్రమోసు మూతి కిందికి తిరిగి ఉంటుంది. అది బురదను గీకే చేప. ఎర నేలకు ఆనాలి. శీలావతి రెండింటి మధ్యలో తిరుగుతుంది.

ఈ మూడింటికీ నోట్లో పళ్లు ఉండవు. పళ్లు గొంతులో ఉంటాయి. అందుకని ఎరను కొరకవు, పీల్చుకుంటాయి. నచ్చకపోతే ఆ క్షణమే ఉమ్మేస్తాయి. బెండు మునిగేదాకా ఆగినవాడికి బొచ్చె దొరకదు. బెండు ఒక్క పిసరు పక్కకు జరిగినప్పుడే కర్ర ఎత్తాలి. పిండి గట్టిగా ఉంటే చేప ఉమ్మేస్తుంది, మెత్తగా ఉంటే నీటిలో కరిగి గాలం ఖాళీ అవుతుంది. ఈ మధ్యస్థం చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. బెంగాలులో అయితే ఈ పిండి ఎరలో చెట్టు మీది ఎర్రచీమల గుడ్లు కూడా కలుపుతారు. చీమగుడ్ల బేరమే అక్కడ ఒక జీవనాధారం.

మద్రాసు ప్రెసిడెన్సీలో కలెక్టరు స్థాయి ఉద్యోగం చేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో మన దేశపు గాలం వేట మీద ఒక పుస్తకం రాశాడు. అది చాలక 1887లో కేవలం చెరువుల్లో గాలం వేయడం మీద ఇంకో పుస్తకం తెచ్చాడు. దక్షిణాది చెరువు చేప ఒక దొరను రెండో పుస్తకం రాసేలా చేసింది. మన భాషలో మాత్రం కృష్ణా, తుంగభద్రల గాలం విద్యను ఒకచోట రాసి పెట్టే పని ఇంకా జరగాల్సే ఉంది. ఎర కలిపే చేతులు ముసలివైపోతున్నాయి.

ఎర విద్యను ఎంత గంభీరంగా తీసుకోవచ్చో చూడాలంటే గడ్డకట్టిన సరస్సుల దాకా వెళ్లాలి. అమెరికాలోని మిన్నెసోటాలో, కెనడాలో చలికాలం నీటి మీద మంచు పలక కడుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకు అది కొత్త వింత. పలక కనీసం నాలుగు అంగుళాల మందం ఉంటేనే మనిషి నడవాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెబుతుంది. తొలిచే యంత్రంతో ఆ పలకకు బొక్క వేసి, చిన్న కర్రతో గాలం దింపుతారు. ఆ బొక్క కింద తిరిగే చేపల్లో ట్రౌట్‌కు ఉన్న పేరు మన దగ్గర కొర్రమీనుకు ఉన్నంత.

మంచు కింద లెక్క మన లెక్కకు తలకిందులు. నీరు నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అందుకే గడ్డ పైనే కడుతుంది, కింద నీరు నీరుగానే ఉండి చేప బతుకుతుంది. చల్లదనానికి ఒంట్లో జీవక్రియ నెమ్మదిస్తుంది. ఆకలి తగ్గుతుంది. వేగంగా పరిగెత్తే ఎర వెంట పడే ఓపిక చేపకు ఉండదు. కాబట్టి ఎర చిన్నదై ఉండాలి, కదలిక మెల్లగా ఉండాలి. మంచు మీద హిమం పేరుకుంటే కింద వెలుతురు బాగా తగ్గుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ ముందు మాయమయ్యే రంగు ఎరుపు. అంగడిలో కళ్లు చెదిరేలా మెరిసిన ఎర్ర ఎర అక్కడ నల్లటి చుక్కగా మిగులుతుంది. అందుకని చీకట్లో వెలిగే రంగు పూసిన ఎరలు వాడతారు. సీసానికి బదులు టంగ్‌స్టన్ అనే లోహం వాడేవాళ్లు పెరిగారు. అదే బరువుకు అది సీసం కంటే బాగా చిన్నగా ఉంటుంది. చిన్న ఎరే అయినా చకచకా లోతుకు దిగుతుంది.

ట్రౌట్‌లలోనూ ఒక్కో రకానికి ఒక్కో ఎర. ఇంద్రధనుస్సు ట్రౌట్ మంచు పలకకు దగ్గరగా, ఒడ్డు వారగా తిరుగుతుంటుంది. దానికి గోరంత గాలానికి ఒక తెల్లటి పురుగు గుచ్చితే చాలు, లేదంటే చిన్న రేకు చెంచా మెరిపించాలి. సరస్సు ట్రౌట్ లోతుల్లో ఉంటూ చిన్న చేపలను వేటాడుతుంది. దానికి వేలెడు పొడుగున్న తెల్లటి రబ్బరు ఎరను దాని తిండి చేపలాగే ఆడించాలి. సంగమేశ్వరం ఒడ్డున బొచ్చె మూతి చూసి బెండు సరిచేసే మనిషి, మంచు బొక్క దగ్గర కూర్చున్న మనిషి వేసుకునే ప్రశ్నలు అవే. చేప ఎక్కడుంది? ఏం తింటోంది? ఎంత ఆకలితో ఉంది? నీటిలో దానికి ఏం కనబడుతుంది?

తేడా ఒక్క చోట ఉంది. అక్కడ ఎర ఎంపికలో చట్టం కూడా కూర్చుంటుంది. ట్రౌట్ కోసం ప్రత్యేకించిన మిన్నెసోటా సరస్సుల్లో బతికున్న చిన్న చేపలను ఎరగా వాడటమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నిషేధం. కారణం సూటిగా ఉంటుంది. వేట ముగిశాక మిగిలిన ఎర చేపలను నీళ్లలో వంచేసి పోతారు. అవి పెరిగి, పిల్లలు పెట్టి, ట్రౌట్ తిండిని తినేస్తాయి. ఒక డబ్బా ఎర చేపలు సరస్సు రాత మార్చేస్తాయి. ఇది గుర్తించి కట్టిన కట్టుబాటు అది. ట్రౌట్ పట్టాలంటే మామూలు లైసెన్సు మీద ఇంకో ముద్ర వేయించుకోవాలి, దానికి విడిగా డబ్బు కట్టాలి.

ట్రౌట్ మన నల్లమల నీళ్లలో బతకదు. వేసవిలో నలభై దాటే ఎండ దానికి చావు. మన దేశంలో దాన్ని ఆంగ్లేయులు కాశ్మీరుకు, నీలగిరులకు తెచ్చి పెంచారు. చల్లటి కొండవాగుల్లోనే అది నిలిచింది. మనకు తెచ్చుకోవాల్సింది ఆ చేపను కాదు, దాని చుట్టూ కట్టిన ఆ కట్టుబాటును. మన చేపలకు అది అంతకంటే ఎక్కువ అవసరం.

తిలాపియా సంగతే తీసుకుందాం. 1952లో మన దేశానికి తెచ్చారు. ఎక్కడ పడితే అక్కడ బతుకుతుంది, నోట్లో గుడ్లు దాచుకుని పిల్లలను కాపాడుకుంటుంది, ఏడాదిలో పలుమార్లు పిల్లలు పెడుతుంది. చెరువుల్లో అడుగడుగునా అదే. వాలుగకో కొర్రమీనుకో ఎరగా చిన్న తిలాపియాలను బకెట్‌లో వేసుకుని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు మోసుకెళ్లేవాళ్లున్నారు. మిగిలినవి అక్కడే వంపేస్తారు. చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు, ప్రాణం ఎందుకు తీయాలనే జాలి కూడా ఉంటుంది. కానీ ఆ జాలి వల్ల ఆ చెరువులో ఉన్న నాటు చేపలకు చోటు పోతుంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం నిషేధించి ఏళ్లు గడిచినా అది వాగుల్లోకి చేరుతూనే ఉంది. ఏ చెరువు నుంచి వచ్చిన ఎర చేప ఆ చెరువులోనే పోవాలి. అన్నిటికంటే మేలు, బతికున్న చేపను ఎరగా మానేయడం.

ఇక కొర్రమీను. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ రాష్ట్ర చేప అదే. మంచి ధర పలికే చేప, పులుసుకూ వేపుడుకూ సాటిలేని చేప. గాలం వేసే కుర్రాళ్లకు దాని మీద ఉన్న మోజు ఇంకే చేప మీదా లేదు. కలువ ఆకుల చాటున, గడ్డి దుబ్బుల మధ్య కదలకుండా పొంచి ఉండి, కప్ప దూకగానే నీరు పగిలేలా ఎగిరి మింగుతుంది. పూర్వం దానికి బతికున్న కప్పనే గుచ్చేవాళ్లు. ఇప్పుడు రబ్బరు కప్ప వచ్చింది. బోలుగా ఉండే మెత్తటి ఒళ్లు, వీపుకు ఆనుకుని పైకి తిరిగిన రెండు కొక్కేలు. గడ్డి మీద నుంచి లాగినా చిక్కుకోదు. చేప నోట్లో ఒళ్లు నలిగినప్పుడే కొక్కేలు బయటపడతాయి. ఊరి కుర్రాళ్లు దీన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. ఇది మంచి మార్పు. కప్పలు పొలంలో పురుగులను తినే నేస్తాలు. కప్ప కాళ్ల ఎగుమతి ఊపుగా సాగిన రోజుల్లో కప్పలు తగ్గిపోతున్నాయని గ్రహించి కేంద్రం 1987లో ఆ ఎగుమతిని ఆపేసింది. ఆ కప్పను ఎర కోసం చంపనక్కర్లేకుండా చేసింది ఈ రబ్బరు బొమ్మ.

అయితే ఈ బొమ్మ ఇంకో ముప్పు తెచ్చింది. కొర్రమీను గాలి పీల్చే చేప. కాసేపటికోసారి పైకి రాక తప్పదు. వానలు పడి పిల్లలు పెట్టాక, నారింజ రంగు పిల్లల గుంపు నీటి మీద మరుగుతున్నట్టు కదులుతుంది. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదుగా రబ్బరు కప్పను లాగితే కాపలా ఉన్న చేప వెంటనే కొడుతుంది. ఆకలితో కొట్టదు, పిల్లలకు హాని వచ్చిందని కొడుతుంది. దాన్ని పట్టుకుపోయిన మరుక్షణం ఆ గుంపు మీద మిగతా చేపలు, కొంగలు పడతాయి. ఒక్క చేప కోసం వందల పిల్లలు పోతాయి. ఈ సంగతి తెలిసే, పిల్లల గుంపు కోసం వెతికి మరీ ఎర వేసేవాళ్లున్నారు. ఇంతకంటే తేలికైన వేట లేదు. ఇంతకంటే తప్పు వేటా లేదు.

సంక్రాంతికి కోళ్ల పందేల గురించి, కార్తీకంలో పేకాట గురించి హెచ్చరికలు వేసే ఊరి దండోరా, జూన్ నుంచి సెప్టెంబరు వరకూ కొర్రమీను పిల్లల గుంపు మీద గాలం వేయవద్దని ఎందుకు చాటకూడదు? సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు మరపడవల వేట ఆగుతుంది. గుడ్లు పెట్టే కాలమని అందరూ ఒప్పుకున్నారు, ఆ రోజులకు మత్స్యకారుల కుటుంబాలకు భృతి ఇస్తున్నారు. నదిలో చేపకూ గుడ్ల కాలం ఉంది. అది సరిగ్గా వరద కాలం. సముద్రం మీద చూపిన పట్టుదల కృష్ణ మీద కూడా కనబడాలి.

కనబడటం లేదనడానికి అన్నిటికంటే పెద్ద రుజువు అలివి వల. శ్రీశైలం వెనుక జలాల్లో ఇటు నంద్యాల జిల్లా ఒడ్డునా, అటు నాగర్‌కర్నూల్ జిల్లా ఒడ్డునా ఏళ్లుగా నలుగుతున్న పేరు ఇది. దోమతెరంత సన్న కన్నుల వలను చాలా పొడుగున నీటిలో చుట్టబెట్టి, పది పదిహేను మంది కలిసి ఒడ్డుకు లాగుతారు. వేలి గోరంత పిల్ల కూడా తప్పించుకోదు. బొచ్చె పిల్ల, జెల్ల పిల్ల, రొయ్య పిల్ల, పనికొచ్చేది, పనికిరానిది అన్నీ ఒకే కుప్ప. అందులో ఎక్కువ భాగం ఒడ్డున ఎండబోసి ఎండుచేపగా మూటలు కడతారు. ఈ వల నిషిద్ధం. అధికారులు అప్పుడప్పుడు పట్టుకుని కాల్చేస్తారు కూడా. కొన్నాళ్లకు కొత్త వల వస్తుంది.

ఇందులో ప్రజాధనం ఎట్లా పోతోందో చూడాలి. మన దేశపు పెద్ద చేపలు నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు, పారే వరద నీరు కావాలి. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒరిస్సాలో పీయూష గ్రంథి రసం ఎక్కించి చెరువులోనే వాటితో గుడ్లు పెట్టించగలిగారు. ఆ రోజునే ఇప్పటికీ జాతీయ చేపరైతుల దినంగా జరుపుతున్నారు. ఆ విద్య వల్లనే మత్స్యశాఖ కేంద్రాల్లో పిల్లలను పెంచి జలాశయాల్లో వదలగలుగుతున్నారు. వదిలిన పిల్లను ఏడాది ఆగనిస్తే కిలోకు దగ్గరవుతుంది. ఆగనివ్వకుండా అలివి వల దాన్ని గుప్పెడు ఎండుచేపలో కలిపేస్తుంది. పిల్లల విడుదలకు పెట్టిన ఖర్చు, వదిలిన రోజు తీసిన ఫోటోలు, అన్నీ ఆ మూటల్లో ఎండిపోతున్నాయి.

అలివి లాగే మనిషి మీద కోపం పెంచుకోవడం న్యాయం కాదు. శ్రీశైలం డ్యాం కట్టాక తూర్పు తీరం నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చి ఒడ్డున గుడిసెలు వేసుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లకు బడి దూరం, ఆసుపత్రి దూరం, రేషను కార్డు ఇంకో ఊళ్లో. పడవ, వల, పెట్టుబడి వ్యాపారివి, వీళ్లది ఒళ్లు. ముందే తీసుకున్న అప్పు తీరేదాకా లాగుతూనే ఉండాలి. ఒడ్డున వల తగలబెడితే ఆ అప్పు ఇంకా పెరుగుతుంది తప్ప పెట్టుబడి పెట్టినవాడికి వేడి తగలదు. ఎండుచేప మూటలు ఏ దారిన పోతున్నాయో, ఏ గోడౌన్‌లో దిగుతున్నాయో చూసి అక్కడ పట్టుకోవాలి. లారీలు పోయే దారులు నాలుగైదు మించి లేవు. పట్టుకోవాలనుకుంటే పట్టుకోవచ్చు.

గాలంతో జలాశయం మొత్తం చేపను మార్కెట్‌కు తేలేం. అది నిజం. సంఘాల మత్స్యకారులకు పెద్ద కన్ను వలలు ఉండాల్సిందే, అవి వాళ్ల జీవనం. కానీ ఆ వలల పక్కన గాలానికి కూడా చోటు ఉండాలి. ఆత్మకూరు, వెలుగోడు, కొత్తపల్లి మండలాల్లో గాలం వేసుకునే వాళ్లకు తక్కువ రుసుముతో ఏడాది లైసెన్సు ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు. తెలుగుగంగ నీళ్లు నిల్వచేసే వెలుగోడు జలాశయం పదహారు టీఎంసీలకు పైగా పట్టే పెద్ద నీటి పట్టు. అందులో ఒక ఒడ్డును గాలానికే కేటాయించి చూడవచ్చు. ఎంత చిన్న చేపను తిరిగి వదిలేయాలో కొలత చెప్పాలి. రోజుకు ఎన్ని తీసుకెళ్లవచ్చో చెప్పాలి. లైసెన్సు కాగితం వెనకే ఇవన్నీ తెలుగులో అచ్చు వేయాలి.

ఇంకో ఒడ్డు గురించి కూడా గట్టిగా చెప్పుకోవాలి. ఆత్మకూరు అటవీ డివిజన్ నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. అక్కడ అనుమతి లేకుండా గాలం పట్టుకుని దిగడం నేరం, మొసళ్లున్న నీటిలో దిగడం ప్రాణాపాయం. ఎంత మంచి ఎర కలిపినా ఆ ఒడ్డు మనది కాదు.

గాలానికి చోటిస్తే నది కాపలా కూడా దొరుకుతుంది. కర్ణాటకలో కావేరి మీద భీమేశ్వరి దగ్గర మహసీర్ చేప కోసం గాలం క్యాంపులు నడిచిన రోజుల్లో పట్టిన చేపను బరువు చూసి మళ్లీ నీళ్లలో వదిలేవారు. అంతకుముందు దొంగచాటుగా చేపలు పట్టిన స్థానికులకే అక్కడ దారి చూపే పని, కాపలా పని దొరికింది. నీటి ఒడ్డున రోజంతా కళ్లు పెట్టుకుని కూర్చునే మనిషి ఉంటే దొంగ వల దిగడానికి జంకుతుంది. మత్స్యశాఖకు ఇంత పెద్ద జలాశయాన్ని కాయగలిగినంత సిబ్బంది లేరు. గాలం వేసేవాళ్లే ఆ కళ్లు కావచ్చు, వాళ్ల ఉనికిని ప్రభుత్వం ఒప్పుకుంటే.

గాలం వేసేవాళ్లు కూడా ఒకటి రెండు అలవాట్లు మార్చుకోవాలి. తెగిన తంగుసు దారాన్ని ఒడ్డునే వదిలేసి పోతే కొంగల కాళ్లకు, తాబేళ్ల మెడలకు చుట్టుకుంటుంది. జారిపోయిన సీసం గుండ్లను నీటి పక్షులు గులకరాళ్లనుకుని మింగుతాయి. హంసలు చచ్చిపోతున్నాయని బ్రిటన్ 1987లోనే చిన్న సీసం గుండ్ల అమ్మకాన్ని ఆపేసింది. మనకు టంగ్‌స్టన్ ఖరీదు ఎక్కువ కావచ్చు, ఇనుప నట్టు ఖరీదు కాదు. పాత సైకిల్ దుకాణంలో దొరికే నట్టు కట్టినా ఎర అడుగుకు దిగుతుంది, ఎర్రమోసు దానికి పడుతుంది.

మత్స్యశాఖ తన పని వరద రాకముందే మొదలుపెట్టాలి. జూన్‌లోపు అలివి మూటల దారులు మూయాలి. వలస కుటుంబాల అప్పుల లెక్క తేల్చి, వాళ్లకు పెద్ద కన్ను వలలు ఇప్పించాలి. గాలం లైసెన్సు తేవాలి. కొర్రమీను పిల్లల కాలానికి ఒక గట్టి నియమం పెట్టాలి. పాఠకుల్లో గాలం పట్టేవాళ్లుంటే ఈ వర్షాకాలం నుంచే రెండు పనులు చేయవచ్చు. నీటి మీద నారింజ రంగు పిల్లల గుంపు కనబడితే కర్ర ముడిచి పది గజాలు అవతలికి జరగండి. ఒడ్డున దోమతెర లాంటి వల కనబడితే ఫోటో తీసి, చోటు చెప్పి, ఆ రోజే మత్స్యశాఖ కార్యాలయానికి పంపండి.